స్కేలమ్మ కలిపిన రెండడుగులు

ఆమె అసలు పేరు మునిసిపల్ ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఊరందరికీ ఆమె స్కేలమ్మ. వంతెన మూడో స్తంభానికి నిలువుగా బిగించిన తెల్ల రేకు, దాని మీద నల్ల గీతలు, అడుగుకో అంకె. పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం ఆ రేకుని చూడడమే. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి గట్టు మెట్లు దిగి, నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసి, పైనున్న చిన్న గదిలో రిజిస్టరులో రాసి, రెండు ఫోన్లు చేస్తుంది. ఒకటి ఆఫీసుకి. రెండోది కింది ఊరి వంతెన దగ్గర ఇదే పని చేసే మనిషికి. మొదటిది డ్యూటీ. రెండోది చెయ్యమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ ఎవరూ అనలేదు.

ఆమె భర్త టైలరు. మేమిద్దరం కొలతల మీదే బతుకుతున్నాం అంటాడు. తన కొలత తప్పితే ఎవరో ఒకరికి చొక్కా బిగుతవుతుందట, ఆవిడ కొలత తప్పితే ఊళ్ళో సగం మంది చొక్కాలు తడుస్తాయట. ఈ మాట ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. ఆమె విననట్టు వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

కింది ఊరి మనిషిని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఫోన్లోనే అక్క, ఫోన్లోనే తమ్ముడు. అతని పిల్లల పరీక్షలు ఈమెకి తెలుసు, ఈమె మోకాలి నొప్పి అతనికి తెలుసు. ఇక్కడి నీళ్ళు అక్కడికి చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. ఈమె చెప్పిన అంకెలోంచి మూడు తీసేస్తే నాలుగు గంటల తర్వాత అతని రేకు మీద ఉండే అంకె వస్తుంది. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, ఇద్దరికీ నోటికొచ్చింది. ఈమె పద్నాలుగు అంటే అక్కడ పదకొండు. పదకొండు అంటే ఏటి వీధి గడపల్లోకి నీళ్ళు. అతని ఇల్లు ఆ వీధిలోనే. అతని తల్లి నాలుగేళ్ళుగా మంచం మీదే ఉంది.

ఇక స్కేలమ్మ పదకొండేళ్ళుగా కడుపులో దాచుకున్న సంగతి ఒకటుంది. అప్పట్లో స్తంభానికి మరమ్మతు చేస్తూ రేకు ఊడదీశారు. పని అయ్యాక మేస్త్రీ దాన్ని మళ్ళీ బిగించాడు గానీ, ఉండాల్సిన చోటుకి రెండడుగులు పైన బిగించాడు. ఊడదీయక ముందు తొమ్మిదో మెట్టు తడిస్తే రేకు ఏడు చూపించేది. బిగించిన రోజు అదే తొమ్మిదో మెట్టు తడిసింది, రేకు అయిదు చూపించింది. ఆమె పరుగున పోయి అప్పటి ఇంజనీరుకి చెప్పింది. ఆయన తల గోక్కుని, మళ్ళీ విప్పించాలంటే టెండరు పిలవాలి, అందాకా నువ్వే రెండు కలిపి రాసెయ్యమ్మా అన్నాడు. ఆ అందాకా పదకొండేళ్ళు సాగింది. ఆయన రిటైరై పోయాడు. కాగితం మీద ఒక్క ముక్క లేదు. రేకు అయిదు చూపిస్తే ఆమె ఏడు రాస్తూనే ఉంది.

కిందటేడు వరద ఏటి పొడుగునా పై ఊరు, నడిమి ఊరు, కింది ఊరు మూడింటినీ ముంచింది. స్కేలమ్మది పై ఊరు. అంతకు ముందు పై ఊరు చెప్పా పెట్టకుండా తూములు ఎత్తేసేది, నడిమి ఊరు తన గట్టు పెంచుకుని నీళ్ళని కిందికి తోసేది, కింది ఊరు ఇద్దర్నీ తిట్టుకుంటూ ఇసుక బస్తాలు మోసేది. ఈసారి ముగ్గురికీ దెబ్బ తగిలింది కాబట్టి ముగ్గురికీ బుద్ధి వచ్చింది. వానలు మునుపటిలా లేవు, ఎవరి గట్టు వాళ్ళు కాసుకుంటే లాభం లేదని మూడు మునిసిపాలిటీలూ ఒక ఉమ్మడి కమిటీ వేసుకున్నాయి. కమిటీకి ఒక ఇంజనీరు వచ్చింది. చిన్న వయసే, బూట్లు వేసుకుని బురదలోకి తనే దిగుతుంది. ఆమె పాత రిజిస్టర్లన్నీ తిరగేసి స్కేలమ్మ వంతెన దగ్గర పద్నాలుగు వస్తే కింది ఊళ్ళో సైరన్ మోగాలని తేల్చింది. ఇక సైరన్ మోగించే మీట మనుషుల చేతిలో ఉండకూడదని స్తంభానికి ఒక మిషను పెట్టించింది. మిషన్ని రేకు చూసి సరిచేశారు.

అలా సరిచేసిన మధ్యాహ్నం స్కేలమ్మ సెలవులో ఉంది. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే మిషను పెట్టె మీద అయిదు అని ఎర్రగా వెలుగుతోంది. తొమ్మిదో మెట్టు తడిసి ఉంది. సంగతి అర్థం కావడానికి ఆమెకి ఎంతో సేపు పట్టలేదు. పద్నాలుగు అనే హద్దు తన రిజిస్టర్లోంచి తీశారు. మిషను మాత్రం రేకు మాట వింటుంది. మిషను పద్నాలుగు అనేసరికి నిజానికి పదహారు వచ్చి ఉంటుంది. నీళ్ళు నెమ్మదిగా పెరిగిన రోజున ఏటి వీధి గడపలు తడిశాక గానీ సైరన్ మోగదు.

ఆమె అప్పుడే పరుగెత్తి చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. దానికి కారణం ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఆమెది టెంపరరీ ఉద్యోగం. మూడు వంతెనల దగ్గర కొలిచేవాళ్ళని పర్మనెంటు చేస్తామని కమిటీ ఒప్పుకుంది. మరుసటి వారమే సంతకాలు. రిజిస్టర్లో తప్పుడు రాతలుంటే పేరు కొట్టేస్తామని షరతు. పదకొండేళ్ళుగా కనబడిన అంకె ఒకటి, రాసిన అంకె ఇంకొకటి అని ఇప్పుడు ఏ నోటితో చెప్పాలి?

ఆ పొద్దున ఆమె రిజిస్టర్లో అయిదు అనే రాసింది. ఫోన్లోనూ అయిదనే చెప్పింది.

పదిన్నరకి కింది నుంచి ఫోను వచ్చింది. అతను నవ్వుతూనే మొదలుపెట్టాడు.

"ఏంటక్కా, కళ్ళద్దాలు మార్చావా? అయిదన్నావు. నా దగ్గర రెండు రావాలి. నాలుగొచ్చింది."

ఆమె ముందున్న రిజిస్టరు మూసేసింది.

"నీ అంకె ఎప్పుడూ తప్పదే. నువ్వు పదమూడంటే నేను మంచం మోయడానికి పక్కింటివాళ్ళని పిలుస్తాను. పద్నాలుగంటే అమ్మని ఎత్తుతాం. సైరన్ వస్తుందంట గానీ, నేను నీ మాటే వింటాను."

ఆ రోజు ఆమె అన్నం సగంలో వదిలేసింది. సంగతి విన్న భర్త కుట్టు మిషను ఆపేసి టేపు మెడలో వేసుకున్నాడు. కొలత తప్పని తెలిసీ కత్తెర పెడితే గుడ్డ ఊరుకోదు అన్నాడు. పర్మనెంటు సంగతి మాత్రం అతను ఎత్తలేదు, ఆమే ఎత్తింది. ఎత్తి, తనే వదిలేసింది.

ఉమ్మడి కమిటీ మీటింగు మర్నాడు పై ఊరి మునిసిపల్ హాల్లో జరిగింది. కొలిచేవాళ్ళు ముగ్గుర్నీ రమ్మన్నారు, వెనక వరసలో కూర్చోబెట్టారు. స్కేలమ్మ పక్క కుర్చీలో ఒక బక్కపలచటి మనిషి, ఒళ్ళో పాత రిజిస్టర్ల సంచి. ఎవరో తెలియక ఇద్దరూ కాసేపు మొహమాటంగా కూర్చున్నారు. అతను దగ్గాడు. ఆ దగ్గు ఆమెకి పంతొమ్మిదేళ్ళుగా తెలుసు.

"ఇంత పొట్టిగా ఉంటావనుకోలేదక్కా" అన్నాడతను.

"నువ్వు ఇంత బక్కగా ఉంటావని నేను మాత్రం అనుకున్నానా?"

ముందు వరసలో ముగ్గురు ఛైర్మన్లూ ప్రారంభోత్సవం రోజున సైరన్ మొదటిసారి మోగించేది ఎవరనే దాని మీద గంటసేపు వాదించుకున్నారు. అది తేలకుండానే టీ వచ్చింది. టీ గ్లాసులు తిరుగుతుండగా స్కేలమ్మ లేచి నిలబడింది. మిషను రెండడుగులు తక్కువ చూపిస్తోందని చెప్పింది. రేకు పైకి పోయిందనీ, పదకొండేళ్ళుగా తను రెండు కలిపి రాస్తున్నాననీ, నిన్నటి అయిదు మాత్రం తను భయపడి రాసిందనీ వరసగా చెప్పేసింది. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు.

పై ఊరి ఛైర్మన్ మొహం మాడిపోయింది. పదకొండేళ్ళు రిజిస్టర్ని సొంత డైరీలా రాసుకున్నావా అన్నాడు. ఇంజనీరు అతనికి అడ్డు వచ్చి, రేకు జరిగిందనడానికి ఆధారం ఏదైనా ఉందా అని మెల్లిగా అడిగింది. స్కేలమ్మ దగ్గర ఏమీ లేదు.

బక్క మనిషి సంచీ విప్పాడు. ప్రతి పేజీలో రెండు వరసలు. ఎడమ పక్క అక్క ఫోన్లో చెప్పింది, కుడి పక్క నాలుగు గంటల తర్వాత తను చూసింది. ఇంజనీరు వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. స్తంభం మరమ్మతుకి ముందు రెండు వరసలకీ తేడా మూడు. మరమ్మతు తర్వాతా మూడే. మామూలు రోజుల్లో తప్పలేదు, వరదలో తప్పలేదు. చివరి పేజీలో, నిన్న ఒక్కరోజే, తేడా ఒకటి.

"ఈమె కలపకపోయి ఉంటే ఈ తేడా పదకొండేళ్ళ కిందటే మారిపోయేది" అంది ఇంజనీరు. "నా సైరన్ లెక్క కూడా తప్పేది. ఈ రెండో ఫోను ఎవరు చెయ్యమన్నారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చెయ్యమనలేదని స్కేలమ్మ చెప్పింది.

టెండరు లేకుండానే మూడు రోజుల్లో రేకు కిందికి దిగింది. నడిమి ఊరి మేస్త్రీ వచ్చి, కింది ఊరి నిచ్చెన వేసుకుని, పై ఊరి మేకులతో బిగించాడు. మిషన్ని మళ్ళీ సరిచేశారు. కొలిచేవాళ్ళు ఒకరికొకరు ఫోను చేసుకోవడం అప్పటినుంచి డ్యూటీలో రాశారు.

పర్మనెంటు ఆర్డర్లు రెండే వచ్చాయి. స్కేలమ్మకి మెమో వచ్చింది. ఇకపై రిజిస్టర్లో ఏ అంకె దిద్దినా పక్కన సంతకం పెట్టి కారణం రాయాలని అందులో ఉంది. ఆమె ఫైలు మళ్ళీ పరిశీలిస్తాం అనే అరలోకి పోయింది. ఆ అరలోంచి ఫైళ్ళు ఎప్పుడు బయటికొస్తాయో ఎవరూ చెప్పలేరు. తమ్ముడు తన ఆర్డరు సంగతి వారం దాచాడు. దాచిన సంగతి ఆమెకి మొదటి రోజే తెలిసిపోయింది, స్వీట్లు మిగిల్చావా లేదా అని అడిగింది.

రేకు దించిన అయిదో రోజు పై కొండల్లో కుండపోత వాన. పొద్దున్నుంచి గంట గంటకీ మెట్లు దిగింది. పదకొండింటికి పదమూడు. ఫోను చేసింది. పన్నెండింటికి పద్నాలుగు. మళ్ళీ చేసింది. అతను ఎత్తేసరికి వెనక సైరన్ కుక్క ఏడ్చినట్టు ఏడుస్తోంది.

"అమ్మ ఎక్కడుంది?"

"ఈసారి పద్నాలుగు దాకా ఆగలేదక్కా, నీ పదమూడు వినగానే బడి మేడ మీదికి చేర్చాం. అక్కడ కూర్చుని, ఈ గోల ఏంట్రా, ఆ పిల్ల ఫోను చేసేసిందిగా అని విసుక్కుంటోంది."

నాలుగింటికి ఏటి వీధిలోకి నీళ్ళు వచ్చాయి. ఇళ్ళల్లో అప్పటికి మనుషులు లేరు.

స్కేలమ్మ తడిసిన చెయ్యి చీరకి తుడుచుకుని రిజిస్టరు తెరిచింది. పన్నెండు గంటల గడిలో చెయ్యి దానంతట అదే పదహారు రాసింది. నాలిక కరుచుకుని, కొట్టేసి పద్నాలుగు వేసింది. మెమో గుర్తొచ్చింది. పక్కన సంతకం పెట్టి, కారణం అని రాసి, ఒక నిమిషం ఆలోచించింది.

అలవాటు, అని రాసింది.