ఒళ్లు విదిలించని పొట్టేలు

కొంరెల్లి మామ మందలో నిఖార్సైన నల్ల పొట్టేలు ఒక్కటే మిగిలింది. జనగామ దగ్గర మా ఊళ్లో మిగతా కురుమలంతా నల్ల గొర్రెలను వదిలేసి, ఎత్తుగా పెరిగే నెల్లూరు గొర్రెలకు మారిపోయారు. వాటికి ఉన్ని ఉండదు, మాంసం ఉంటుంది. ఇప్పుడు గొర్రెను చూస్తే మనవాళ్లకు కిలోలే కనిపిస్తాయి. నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఆదివారం కూర దగ్గర నేనూ ముందే ఉంటాను.

నల్ల గొర్రె పొట్టిది, ముక్కు వంపు తిరిగి ఉంటుంది, ఈతకు ఒక్క పిల్లనే వేస్తుంది. అయితేనేం, ఎండాకాలం మేపుకు కొత్తగూడ అడవుల దాకా నడిపించినా కుంటిపడదు. ముళ్లకంపలో దూరినా ఒళ్లు గీసుకోదు. ఎంత వాన కురిసినా నీళ్లు ఉన్ని మీదుగా జారిపోతాయే తప్ప చర్మం తడవదు. ఆ ఉన్నిని మామ భార్య చిలుకమ్మ అత్త వడికేది. ఆ నూలుతో మామ గొంగడి నేసి, చింతగింజల గంజి పెట్టేవాడు. మా వాడకట్టులో పెళ్లిపీటల మీద పరిచేది వాళ్లింటి గొంగడే. అత్త వడకడం చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

పోయిన వానాకాలం అత్తకు విషజ్వరం వచ్చి తెలివి తప్పింది. మామ దవాఖాన మెట్ల మీద కూర్చుని, ఆమె లేచి ఇల్లు చేరితే నల్ల పొట్టేలును ఇస్తానని బీరప్పకు మొక్కుకున్నాడు. మచ్చలేని నల్లదాన్ని తప్ప మావాళ్లు ఆ దేవుడికి ఇవ్వరు.

అత్త లేచింది. మామకు మాత్రం అన్నం సహించలేదు. పొట్టేలు పోతే ఆడగొర్రెలను నెల్లూరు పొట్టేళ్లకే వదలాలి. రెండు తరాలు తిరిగేసరికి మందలో ఉన్ని ఉండదు. ఆ ఏడు దానికి పుట్టినవన్నీ ఆడపిల్లలే. ఇంకో నల్ల పొట్టేలు కోసం చిట్యాల, ఘనపూర్ దాకా తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. మొక్కు ఎవరి కోసమో భార్యకు చెప్పలేదు. కత్తెర వేసే రోజులొచ్చినా ఆ ఒక్క పొట్టేలుకు ఉన్ని కత్తిరించలేదు. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మొక్కు చెల్లించే రోజు బీరప్ప గుడి దగ్గర తెలిసింది. కోసేముందు పొట్టేలు మీద నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు, లేకపోతే కత్తి ఎత్తరు. చెంబుడు పోశారు. కత్తిరించని ఉన్ని మీదుగా నీళ్లు జారిపోయాయి, పొట్టేలు కదల్లేదు. బిందెడు పోశారు. అది కళ్లు మూసుకుని నెమరు వేస్తూనే ఉంది. దేవుడు వద్దంటున్నాడేమోనని మామ మెల్లగా అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

కులపెద్ద తల అడ్డంగా ఊపాడు. "దేవుడు అలిగిండు కొంరెల్లీ. మొక్కు చెల్లకుంటే ఇచ్చిన పానం మల్ల తీస్కపోతడు."

ఎవరి కోసం మొక్కాడో అత్తకు అప్పుడే అర్థమైంది. సగానికి సగమై, చెంగు కప్పుకుని దూరంగా నిలబడి ఉంది. మామ ఆమె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పొట్టేలు పక్కన కూర్చుని, వీపు మీది ఉన్నిని రెండు చేతులతో పాయలుగా విడదీశాడు. తెల్లటి చర్మం కనిపించింది.

"గిక్కడ పొయ్యుండ్రి," అన్నాడు.

పొట్టేలు తల నుంచి తోక దాకా విదిలించింది. డప్పులు మోగాయి.

మాంసం పోగులు పంచేటప్పుడు అత్త తన పోగు ముట్టలేదు. మామ దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆమె గొంతు పెంచలేదు, ఏడవనూ లేదు.

"నన్నడిగి మొక్కినవా? బతికొచ్చి నేనేం వడకాలె?"