కూవం మీద నవ్విన ఆవిడ

రాజకీయ నాయకుల మీద, వాళ్లు పాడుచేసిన నదుల మీద ఒంటరిగా స్టేజీ ఎక్కి జోకులు చెప్పడం నాకదే మొదటిసారి. నోటిదురుసుకి పేరుపడ్డదాన్నే, అయినా లోకల్ ట్రైన్‌లో గొణుక్కుంటూ, దిగి ఇంటికి పోదామా అనుకుంటున్నాను. చింతాద్రిపేట దగ్గర కూవం నది రాగానే అందరూ ముక్కులు మూసుకున్నారు.

ఎదుటి సీటావిడ కొంగు అడ్డం పెట్టుకునే అడిగింది: "ఎవరితో కొట్లాడతా ఉండావక్కా?"

"మంత్రితో. కూవంలో పడవలు తిప్పుతానని మాటిచ్చేటప్పుడైనా ముక్కు మీద కర్చీఫ్ తియ్యవయ్యా, ఏమంటున్నావో వినబడలా! సాయంత్రం స్టేజీ మీద చెప్పాలిది. ఎవరూ నవ్వకపోతే?"

ఆవిడ కొంగు వదిలేసి పగలబడి నవ్వింది. "ఆడ గూడా ఇట్నే తిట్టక్కా!"

వెళ్లాను. ఇప్పటికీ హాల్లో ఎవరూ నవ్వని రోజున ఆవిడ్నే తలుచుకుంటాను. నా జోకు కోసం కూవం కంపంతా పీల్చుకుంది, మహాతల్లి.