మేనమామ ఒడి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పత్తికొండకు దగ్గర్లోని మా ఊళ్లో ఇద్దరు మగవాళ్లు ఒకే రకం పాడుపని చేశారు. ఒకడు టమాటా మార్కెట్లో హమాలీ. నీళ్లకొచ్చిన ఒక అమ్మాయిని కొళాయి దగ్గర పట్టుకుని లాగాడు. రెండోవాడు మా అన్న. మా గోడౌన్లో వేరుశనక్కాయలు ఏరడానికొచ్చే అమ్మాయిని తలుపేసి పట్టుకున్నాడు. ఆ పిల్ల వాడి చెయ్యి కొరికి బయటపడింది.

హమాలీ జైలుకు పోయొచ్చాడు. తర్వాత స్టేషన్లో వాడి మీద రౌడీషీటు తెరిచారు. ఆదివారం ఆదివారం పోయి కూర్చోవాలి, జాతరొస్తే ముందురోజే లోపలేస్తారు. మా అన్నకు మాత్రం పెద్దమనుషులు రాజీ చేశారు. ఎస్సై మా అంగట్లోనే టీ తాగుతూ నాన్నకు ధైర్యం చెప్పాడు.

"మీవోడు డేంజర్ కాదప్పా. ఇల్లుండాది, అంగడుండాది, పెండ్లి చేస్తే సర్దుకుంటాడు. ఆ హమాలీకి ముందూ ఎనకా ఎవురూ లేరు. అట్లాంటోని మీదే కన్నేసి పెట్టాల."

నాన్న తలూపి ఇంకో టీ తెప్పించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇల్లూ వాకిలీ చూసి మనిషి వల్ల వచ్చే అపాయాన్ని కొలిచే తెలివి ఆయన ఎక్కడ నేర్చాడో గానీ, తలుపేసుకోవడానికి గోడౌను ఉన్నది మా అన్నకే.

అన్నకు పెండ్లయింది. నాకూ పెండ్లయి కర్నూలు చేరాను. ఊరికి పోయినప్పుడల్లా, హమాలీ వీధిలో కనబడితే అమ్మ నా కూతుర్ని లోపలికి లాక్కునేది. ఆ వెంటనే మేనమామ దగ్గర ఆడుకోమని పంపేది. నేను పోయి ఎత్తుకొచ్చేదాన్ని.

పాపకు మూడో ఏట చెవులు కుట్టించాలన్నారు. మాలో బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టిస్తారు. వాడి ఒళ్లో వద్దని ముందే చెప్పాను, ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ రోజు అన్న పట్టుపంచె కట్టుకుని, చాప మీద కూర్చుని చేతులు చాచాడు. నేను పాపను ఇవ్వలేదు. చుట్టాలంతా నావైపే చూశారు.

అమ్మ పక్కకొచ్చి గుసగుసగా అంది: "పరువు తియ్యాకు. ఇంతమంది చూస్తాండారు. ఈడ వాడేం చేస్తాడు?"

"అంటే ఎవరూ లేనిచోట చేస్తాడని నీకూ తెలుసు" అన్నాను, అందరికీ వినబడేలా. పాపను నా ఒళ్లోనే కూర్చోబెట్టుకుని, చెవులు కుట్టడానికొచ్చిన ఆచారిని సూది తెమ్మన్నాను.