పాతాళరాజు కొరికిన జీడిపిక్క

మందస నుంచి పలాసకు వచ్చే బస్సులో భార్గవి నవల రాస్తుంది. ఫోన్‌లో, ఒక్క బొటనవేలితో. బస్సు దిగాక సాయంత్రం దాకా జీడిపప్పు షెడ్డులో పొట్టు తీస్తుంది. పొట్టు ఊడిన పప్పు చిన్న చందమామలా ఉంటుందని ఆమెకు రోజూ కొత్తగా అనిపిస్తుంది.

డిగ్రీలో ఉండగా కుర్రకారు చదివే ఫాంటసీ నవలలు పట్టుకుంది. వాటి నిండా గ్రీకు దేవతలే, జీన్స్ వేసుకుని తిరిగేవాళ్లు. తన నవలకూ అక్కడి పురాణమే తీసుకుంది. పంటలతల్లి కూతుర్ని పాతాళరాజు ఎత్తుకుపోతాడు. ఆ పిల్ల అక్కడి దానిమ్మ గింజలు ఆరు తింటుంది. ఏ నేల గింజ తింటే ఏటా ఆరు నెలలు ఆ నేలకే చెందాలి, అదీ నియమం.

ఆ ఉదయం విశాఖ నుంచి సంపాదకురాలు మాధవీలత ఫోన్ చేసింది.

"బాగా రాశావమ్మా. కానీ ఇది గ్రీసు కథే, ఓణీ వేసుకుంది. ఐదింటికి పుస్తకాల జాబితా ఖాయం చేస్తాం. ఈలోగా నీదైన ముగింపు పంపు. లేకపోతే ఈసారికి లేదు."

"పంపుతానండీ," అంది భార్గవి, తడుముకోకుండా.

భోజనాల వేళకు దానిమ్మ గింజల్ని జీడిపిక్కలుగా మార్చి, పక్కన కూర్చున్న తోటి పనివాళ్లు పెద్దతల్లికీ మంగకూ చదివింది. "ఆకలికి ఆగలేక ఆరు పిక్కలు కొరికి తినేసింది..."

పెద్దతల్లి ముద్ద ఆపింది. ముప్పై ఏళ్లుగా, పెంకులోని జీడినూనె అంటకుండా ఆముదం రాసుకుని, పిక్కలు కొట్టి పప్పు తీస్తున్న చేతులామెవి.

"పిక్కలు కాల్సిందేటే?"

"లేదు పిన్నీ. పచ్చివే."

"పచ్చి పిక్క కొరికితే మూతంతా పొక్కిపోదేటి!"

మంగకు నవ్వాగలేదు. "సదువుకున్న గుంట కదప్పా! పప్పు తప్ప పిక్క మొకం సూసిందేటి?"

"మన ఉద్దానం పిల్లయితే కొరకదు," పెద్దతల్లి తేల్చేసింది. "ఆ రాజుగాడి సేతే కొరికిత్తాది."

భార్గవి క్యారేజీ మూత పెట్టేసింది. ముగింపు దొరికింది. ఆ పిల్ల కొంగున అమ్మ తోటలోని పిక్కలు ముడేసుకుని ఉంటుంది. రాజుకు చూపించి ఊరిస్తుంది. వాడు ఆబగా ఆరూ కొరికి తింటాడు. నియమం అందరికీ ఒక్కటే కదా! తిన్నది ఉద్దానం గింజ.

ముగింపు సగం మిగిలిన భోజనాల వేళలో, సగం టీ వేళలో రాసింది. నాలుగున్నరకు పంపింది. ఐదుకు పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. అందరూ వినేలా స్పీకర్ పెట్టింది.

"భార్గవీ, పాతాళరాజు ఏటా ఆరు నెలలు పలాసలో పిక్కలు కొడతాడా?" మాధవీలత నవ్వు షెడ్డంతా వినబడింది. "వేస్తున్నాం. రెండో భాగం కూడా ఆలోచించుకో. మొదటిరోజు వాడికి పని ఎవరు నేర్పుతారు?"

భార్గవి ఫోన్‌ను పెద్దతల్లి వైపు జరిపింది.

"నానే నేర్పుతాను," అంది పెద్దతల్లి ఫోన్ మీదకు వంగి. "సేతులకి ఆముదం రాసుకుని రమ్మను."