జీడిపప్పు పడని రోజు నుంచి

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు, జీడిపప్పు వేసిన కుర్మా తిన్న కాసేపటికే నా పెదవులు వాచాయి. గొంతు బిగుసుకుపోయి మాట రాలేదు. అంబులెన్స్‌లో తొడకు ఇంజెక్షన్ పొడిచాక గాని ఊపిరి ఆడలేదు. చిన్నప్పటి నుంచీ తింటున్న జీడిపప్పు యాభై దాటాక నాకు పడకుండా పోయిందట. అలర్జీ డాక్టర్‌కి చూపించుకోమని చెప్పి ఆస్పత్రి నుంచి పంపించారు.

చూపించుకోలేదు. పరీక్ష పేరుతో మళ్లీ ఏదో ఒకటి తినిపిస్తారని భయం. ఇంట్లో ఉన్న బాదం, పల్లీలు, నువ్వులు అన్నీ పారేశాను. బయటి తిండి మానేశాను, ఆపైన ఇంట్లో కూరలూ మానేశాను. నేనే కలుపుకున్న పెరుగన్నం ముందు కూర్చున్నా గుండె దడదడలాడేది. రెండు ముద్దలు తిని, అద్దం దగ్గరికి పరుగెత్తి నాలుక చూసుకునేదాన్ని. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే అసలు తినేదాన్ని కాదు.

బట్టలు వదులైపోతుంటే మా ఆయన ఊరుకోలేకపోయారు. "ఇలా అయితే అలర్జీ కంటే ముందు ఆకలే నిన్ను చంపేస్తుంది. అపాయింట్‌మెంట్ నేనే బుక్ చేశాను, పద."

డాక్టరు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. పరీక్షలు చేసి, బాదం పడేట్టే ఉందని, తన ఎదురుగా కొంచెం తిని చూద్దామని చెప్పింది. ఇంకో రోజు వెళ్లాం. నూకగింజంత ముక్క నాలుక మీద పెట్టుకున్నానో లేదో, గొంతు మూసుకుపోతున్నట్టనిపించింది. చేతులు తిమ్మిరెక్కాయి.

"ఇంజెక్షన్ ఇవ్వండి, చచ్చిపోతున్నాను!" అని అరిచాను.

ఆమె నా నోరు, ఒళ్లు, బీపీ చూసింది. ఛాతీకి స్టెతస్కోపు ఆనించి విన్నది. ఆ తర్వాత నా చేయి పట్టుకుంది.

"ఆంటీ, మీ బ్రీతింగ్ బాగుంది. వాపు లేదు, ఒంటి మీద రాష్ లేదు. ఇది రియాక్షన్ కాదు, పానిక్ ఎటాక్."

"అంటే నేను నాటకం ఆడుతున్నాననా?"

"నో, నో. మీ భయం రియల్ ఆంటీ. అది కూడా నేను చూడాలి కదా. మీరు సరిగా నిద్రపోతున్నారా?"

అప్పటిదాకా ఎవరూ అడగని మాట అది. ఏడ్చేశాను. చచ్చిపోతానేమోనన్న ఆలోచనతోనే పడుకుంటున్నాననీ, దానితోనే లేస్తున్నాననీ మొదటిసారి పైకి చెప్పాను. పక్కనున్న మా ఆయన ముఖం పాలిపోయింది.

పరీక్ష ఆ రోజుకి ఆపేసి, ఆమె నన్ను కౌన్సెలర్ దగ్గరికి పంపింది. నాకేమన్నా పిచ్చా అని కోపం వచ్చింది. అయినా వెళ్లాను. భయం ఒంట్లో ఎలా పాకుతుందో అక్కడ తెలుసుకున్నాను. నిజమైన రియాక్షన్ ఎలా ఉంటుందో డాక్టరమ్మ చెప్పింది. నాకు నేనే పొడుచుకునే ఇంజెక్షన్ రాసిచ్చి, అనుమానంగా ఉంటే వేసుకోవడానికి వెనకాడొద్దంది. కొన్నాళ్లకు ఆమె ముందే, వణుకుతూనే బాదం తిన్నాను. ఏమీ కాలేదు.

జీడిపప్పు మాత్రం ఇక తినను. ఇంజెక్షన్ ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. మొన్న ఒక పుట్టినరోజుకి వెళ్లి, ఏ వంటలో ఏం వేశారో అడిగి తెలుసుకుని పప్పన్నం పెట్టించుకున్నాను. మొదటి ముద్దకి గుండె గట్టిగానే కొట్టుకుంది. మా ఆయన తన ప్లేటు ముట్టకుండా నన్నే చూస్తున్నారు.

"మీరూ తినండి," అన్నాను.