పహిల్వాన్ పిక్కలు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీల్లో వైకుంఠం ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. పహిల్వాన్ ఇల్లెక్కడని అడిగితే మాత్రం చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. ఇంటింటికీ గ్యాస్ బండలు వేయడం ఆయన పని. నిండు బండను ఎడమ భుజానికెత్తుకుని, కుడి చేయి ఊపుకుంటూ ఎంత ఇరుకు మెట్లయినా ఎక్కేస్తాడు. మధ్యలో ఆగడు. ఆగితే పరువు పోతుందట. యాభైకి దగ్గరపడ్డ మనిషికి ఈ పంతమేమిటని భార్య కళావతి అడిగీ అడిగీ విసిగిపోయింది.

ఆ పంతం దస్తగీర్ ఉస్తాద్ దగ్గర అబ్బింది. ఉస్తాద్ ఇప్పుడు లేడు. పాతబస్తీలో ఆయన ఒక తాలీం నడిపేవాడు. తాలీం అంటే పెద్దగా ఏం కాదు, కుస్తీలు నేర్పే ఓ రేకుల షెడ్డు. అక్కడి ఎర్రమన్నులో పొర్లి పెరిగాడు వైకుంఠం. చెవులు రెండూ నలిగి ముద్దకట్టింది అక్కడే. గెలిచిన కుస్తీలు మరీ అన్నేం లేవు గానీ, కుస్తీ మానేశాక అవి ఏటేటా పెరుగుతూ వచ్చాయి. ఛాయ్ హోటల్లో ఆయన చెబుతుంటే ఎవరూ లెక్క అడగరు. ఉస్తాద్ చెప్పిన విద్య మాత్రం ఆయనకు వేదవాక్కు. కండ అలిసి వణికేదాకా పని చెయ్యి, పాలు తాగి పడుకో, తెల్లారేసరికి అది ఇంకాస్త గట్టిపడుతుంది. మధ్యలో చతికిలపడ్డవాణ్ని ఉస్తాద్ ఒకే మాట అనేవాడు. "కామ్‌చోర్." పని ఎగ్గొట్టే దొంగ అని. ఆ మాట పడలేకే తాను మనిషినయ్యానని వైకుంఠం నమ్మకం.

పెళ్లయిన చాలా ఏళ్లకు, ఇక పిల్లలు లేరనుకున్నాక, కొడుకు పుట్టాడు. ప్రేమ్‌రాజ్ అని పేరు పెట్టుకున్నారు. వాడికి నాలుగేళ్లు వచ్చేసరికి వాడి కాళ్లు చూసి వైకుంఠం పట్టపగ్గాల్లేకుండా పోయాడు. ఒళ్లంతా సన్నమే. మోకాళ్ల కింద మాత్రం గుండ్రంగా, గట్టిగా, ఏళ్ల తరబడి కసరత్తు చేసినవాడి పిక్కలు. ఛాయ్ హోటల్ బల్ల మీద వాణ్ని నిలబెట్టి, లాగు పైకి లాగి అందరికీ చూపించేవాడు.

"చూడుండ్రి భాయ్, చూడుండ్రి! ఇంకా ఒక్క బైఠక్ తియ్యలే వీడు. పుట్టుకతోనే వచ్చినయ్."

మంగలి దుకాణం వాళ్లు, పాల దుకాణం వాళ్లు వరసగా వచ్చి ఆ పిక్కలు నొక్కి చూసేవారు. "మాషా అల్లా, పక్కా పహిల్వాన్" అనేవారు. వాడు సిగ్గుపడి తండ్రి మెడ వాటేసుకునేవాడు. దిష్టి తగులుతుందని కళావతి సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసేది. వాడికి రాబోయే కష్టమంతా ఆ పిక్కల్లోనే ఉంది. ఆ సంగతి గల్లీలో ఒక్కరికీ తెలియదు.

వాడికి నడక ఆలస్యంగా వచ్చింది. వచ్చినా మునివేళ్ల మీద ఊగుతూ నడిచేవాడు, ఊరికే పడిపోయేవాడు. కింద కూచుంటే లేవడం వాడికో పెద్ద పని. ముందు రెండు చేతులూ నేలకానించి నడుం పైకెత్తేవాడు. తర్వాత ఒక చేయి మోకాలి మీద, ఇంకో చేయి తొడ మీద వేసి, తన ఒంటిని తానే పట్టుకుని పైకి పాకుతున్నట్టు నిటారయ్యేవాడు. మొదట్లో వైకుంఠం అది చూసి తెగ మురిసిపోయాడు.

"చూసినవా కళా, ఇప్పటికెల్లే తొడ గొడుతుండు!"

ఆరేళ్లు నిండగానే వాణ్ని, ఉస్తాద్ పోయినా ఇంకా నడుస్తున్న ఆ తాలీంకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. పొద్దున్నే బైఠక్‌లు, అంటే గుంజీలే. కాసేపటికే వాడి మోకాళ్లు వణికేవి. వణికితే మంచిదే కదా, ఉస్తాద్ చెప్పిందీ అదే కదా అని ఇంకొన్ని తీయించేవాడు. వాళ్ల గది పై అంతస్తులో, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. ఇంటికొచ్చాక ఆ మెట్లు ఎక్కి దిగమనేవాడు. వాడు గోడ పట్టుకుంటే చేయి తీసేసేవాడు. లేచేటప్పుడు తొడల మీద చేతులు వేస్తే ఆ చేతుల మీదే ఒక్కటి అంటించేవాడు.

"తొడ మీద చేతులేంది, ముసలోని లెక్క? గంత పిక్కలు పెట్టుకోని మెట్లెక్కరాదా? కామ్‌చోర్!"

వాడు ఏడ్చేవాడు కాదు. ఏడిస్తే పహిల్వాన్ కాలేడని తండ్రే చెప్పాడు మరి. పళ్లు బిగబట్టి ఇంకో మెట్టు ఎక్కేవాడు. ఏడాది తిరిగేసరికి సగం మెట్లు ఎక్కడమూ గగనమైంది. వైకుంఠం కోపం ఇంకా పెరిగింది. ఆ చుట్టుపక్కల బుద్ధున్నవాడు ఒక్కడుండి, ఆగవయ్యా, పిల్లాడి మొహం చూడు అని గద్దించి ఉంటే ఎంత బాగుండేది! లేడు. పిక్కలు నొక్కి చూసినవాళ్లంతా తండ్రి పక్షమే.

చివరికి కళావతే తెగించింది. ఆయన బండలు వేయడానికి వెళ్లిన సమయం చూసి, కొడుకును ఎత్తుకుని ఆటో ఎక్కింది. బడిలో టీచరమ్మ చెప్పిన ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ పిల్లలకు కసరత్తు చేయించే గది ఒకటుంది. పెద్ద పెద్ద రంగుల బంతులు, నిలువుటద్దం, పట్టుకుని నడవడానికి పిల్లల ఎత్తున రెండు కడ్డీలు, నేల మీద మెత్తటి పరుపు. నిలబడలేని పిల్లల్ని నిలబెట్టడం, తూలిపోయే పిల్లలకు అడుగు నిలపడం నేర్పడం, చేతుల్లో పట్టులేని పిల్లల చేత గిన్నెలో గోలీలు ఏరించడం, ఇవీ అక్కడి పనులు. బిల్కీస్ అనే ఆవిడ ఆ గదిని చూసుకుంటుంది.

బిల్కీస్ ప్రేమ్‌రాజ్‌ను పరుపు మీద కూచోబెట్టి, ఎర్రబంతి ఒకటి ఎత్తి చూపింది. "లేచొచ్చి తీస్కో బేటా."

వాడు కదల్లేదు. తల్లి వైపోసారి చూసి ఆవిణ్ని అడిగాడు. "చేతులు పెట్టి లేవొచ్చా?"

"ఎందుకు లేవొద్దు?"

"బాపు ఒద్దంటడు."

"ఈడ పెట్టొచ్చు బేటా. ఎవ్వరేం అనరు."

వాడు చేతులు నేలకానించి, మోకాలి మీద వేసి, తొడ మీద వేసి లేచాడు. లేచి నవ్వాడు. బిల్కీస్ నవ్వలేదు. బంతి వాడి చేతిలో పెట్టి, వంగి వాడి పిక్కలు మెల్లగా నొక్కి చూసింది. ఆవిడ మాషా అల్లా అనలేదు. పెద్ద డాక్టరుకు చూపించాలనీ, రక్త పరీక్షలు చేయించాలనీ, ఈసారి తండ్రిని కూడా తప్పకుండా తీసుకురమ్మనీ చెప్పింది.

పరీక్షలు అయ్యాయి. పెద్ద డాక్టరు చెప్పిన జబ్బు పేరు వైకుంఠానికి నోరు తిరగలేదు. ఆయన నేరుగా బిల్కీస్ గదికి వచ్చి, పిల్లల పీట మీద ఆ భారీ ఒళ్లు ఇరికించుకుని కూచున్నాడు.

"మేడం, నాకు పెద్ద పెద్ద పేర్లు తెల్వయి. వీనికి బలం రావాలె. ఏం కసరత్తో చెప్పుండ్రి, నేను చేపిస్త. పొద్దుగాల చేపిస్త, మాపటికి చేపిస్త."

"పహిల్వాన్ సాబ్, కసరత్తు చేస్తే బలమొచ్చే పిల్లలు ఈడ మస్తు మంది ఉన్నరు. మీ బాబుది గట్ల కాదు. పని చేస్తే మన కండ జర చినుగుతది, పండుకుంటే మళ్ల కట్టుకుంటది. మీ ఒళ్లు గట్లనే గదా పెరిగింది? వీనికి చినిగింది కట్టుకోదు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఉన్నదాన్ని కాపాడుకునుడే మన పని."

"మరి పిక్కలు? గంత గట్టిగ ఉన్నయి గదా!"

"అది కండ కాదు సాబ్. కండ పోయిన జాగల కొవ్వు పేరుకుంది. ఈ జబ్బున్న పిల్లలకు గట్లనే ఉంటయి."

వైకుంఠం కొడుకు కాలు ఒళ్లోకి తీసుకుని పిక్క మీద చేయి వేశాడు. ఆ చేత్తోనే ఎంతమందికి చూపించాడు!

"నేను చేపించిన బైఠక్‌లు..."

బిల్కీస్ దాపరికం చేయలేదు. "జబ్బు మీ వల్ల రాలె. చేపించకున్నా వచ్చేదే. కాని అలిసేదాకా చేపించుడు ఈ పిల్లలకు మంచిది కాదు. మెట్లు దిగుడు అస్సలే వద్దు. ఇంకా నడుస్తుండు గదా, ఆ నడకను ఎంత దూరం లాక్కొస్తమో చూద్దాం."

ఆవిడ పిల్లాడి మడమ పట్టుకుని పాదాన్ని పైకి వంచి ఎలా సాగదీయాలో చూపించింది. పడుకునేటప్పుడు కాలికి కట్టే పట్టీ ఇచ్చింది. చదును నేల మీద నిలబెట్టి బంతి అటూ ఇటూ విసరమంది. అలిశానంటే ఆపేయమంది. వెళ్లేముందు ఇంకో మాట కూడా చెప్పింది. "బాబుకు కూడ చెప్పుండ్రి, వానికి సమజయ్యేటట్టు. మనం చెప్పకుంటే వాడే ఏదో ఒకటి అనుకుంటడు."

"చెప్త మేడం" అన్నాడు వైకుంఠం.

చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెలలు గడిపేశాడు. కళావతి అడిగితే "ఏమని చెప్పాలె, నువ్వే చెప్పరాదు" అని ఆమె మీదే అరిచాడు. ఆమెకూ నోరు రాలేదు. బైఠక్‌లు మాన్పించాడు. తాలీంకు తీసుకెళ్లడం మానేశాడు, తానూ వెళ్లడం మానేశాడు. ఛాయ్ హోటల్ మీదుగా వెళ్లకుండా చుట్టుదారిన తిరిగాడు, ఎవరైనా ఆ పిక్కల మాట ఎత్తుతారేమోనని. కొడుకును తిట్టడం లేదు, కొట్టడం లేదు. రోజూ సాయంత్రం వాడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని బిల్కీస్ చూపినట్టే సాగదీసేవాడు, మొహం మాత్రం గోడవైపు పెట్టుకునేవాడు. పిల్లాడికి ఏం తెలుస్తుంది? నిన్నటిదాకా తన వెంట పడ్డ తండ్రి, ఇవాళ తనను వదిలేశాడు. వాడికి తెలిసిందంతే.

ఒక పొద్దున వైకుంఠం గ్యాస్ గోదాముకు వెళ్లాడు. కళావతి వీధి నల్లా దగ్గర నీళ్లు పడుతోంది. నీళ్ల చప్పుడులో ఆమెకు ఏమీ వినిపించలేదు. ఎదురింటివాళ్లు కేకలేస్తే పరుగెత్తుకొచ్చింది. ప్రేమ్‌రాజ్ మెట్ల కింద పడి ఉన్నాడు. ఒక కాలు ఉండాల్సిన తీరులో లేదు. అప్పుడు కూడా వాడు పళ్లు బిగబట్టుకునే ఉన్నాడు.

తొడ ఎముక విరిగింది. పిండికట్టు వేసి పడుకోబెట్టారు. ఆడుకోవడానికి దిగబోయి పడ్డాడని అందరూ అనుకున్నారు. వాణ్ని ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఈ జబ్బున్న పిల్లలు మంచాన పడితే మళ్లీ లేవడం కష్టమని బిల్కీస్‌కు తెలుసు. అందుకే కట్టు విప్పిన రోజునే కడ్డీల మధ్యకు తీసుకొచ్చింది. వైకుంఠం వెనక నుంచి చంకల్లో చేతులు వేసి ఎత్తి నిలబెట్టాడు. కాళ్లు వేలాడాయి, నేలను తన్ని నిలబడలేదు.

"ఇంకొక్కసారి మేడం."

మళ్లీ ఎత్తారు. మరునాడూ ఎత్తారు. ఆ వారమంతా ఎత్తారు. చివరికి ఒకరోజు బిల్కీస్ గది మూలనున్న చక్రాల కుర్చీని తోసుకొచ్చింది. కళావతి మొహం కొంగులో దాచుకుంది. పెద్దపెద్ద బండలు మోసిన మనిషి, ఆ పిల్లాణ్ని ఎత్తి కుర్చీలో కూచోబెట్టేసరికి ఆయాసపడ్డాడు.

అప్పటినుంచీ వాడికి నేర్పేవి వేరే పనులు. కూచుని పక్కకు ఒరిగిపోకుండా ఉండటం, చేతులు పైకెత్తడం, ఊపిరి నిండా తీసుకుని రంగు కాగితాలను ఊదడం. కాళ్లు మాత్రం వైకుంఠం ఇంట్లో ఇంకా సాగదీస్తూనే ఉన్నాడు, కీళ్లు బిగుసుకుపోకుండా.

ఒక సాయంత్రం పాల దుకాణం తారిక్ భాయ్ పలకరించడానికి వచ్చాడు. పాపం, మంచివాడే. మంచం మీద కూచుని, అలవాటు కొద్దీ వాడి పిక్క నొక్కి, "అరే, ఇంకా పహిల్వాన్ పిక్కలే! ఫికర్ మత్ కరో బేటా, జల్దీ లేచి ఉరుకుతవు" అనేసి వెళ్లిపోయాడు. ప్రేమ్‌రాజ్ చాలాసేపు తన కాళ్ల వైపు చూశాడు.

"బాపు, ఇంత గట్టిగ ఉన్నా నేను లేవలేకపోతున్న."

వైకుంఠం మడమ పట్టుకుని వంచుతున్నవాడు ఆగిపోయాడు.

"నేను మస్తు కోషిష్ చేసిన బాపు. నువ్వు బండలెయ్యనీకి పోయి, అమ్మ నల్లా కాడికి పోయినప్పుడు రోజు బైఠక్‌లు తీసిన. ఆ దినం గూడ మెట్లెక్కి దిగుడే చేసిన. ఆడుకోనీకి పోలే. నేను మంచిగ చేస్తే నువ్వు మళ్ల నన్ను తాలీంకు తోల్కపోతవని."

గుమ్మంలో కళావతి చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. వైకుంఠానికి ఉస్తాద్ చనిపోయినప్పుడు కూడా రాని ఏడుపు వచ్చింది. వచ్చినదాన్ని ఆపుకోలేదు. ఇన్నాళ్లూ దాచినదంతా ముందూ వెనకా లేకుండా చెప్పేశాడు.

"నీకు జబ్బు బిడ్డా. పుట్టినప్పటి సంది ఉంది. గా పిక్కలల్ల ఉన్నది కండ కాదు. నువ్వు ఎంత కోషిష్ చేసినా రాదు, నేను చేసినా రాదు, ఎవ్వడు చేసినా రాదు. ఇగ నడక రాదు బిడ్డా. నాకు తెల్వక నిన్ను కొట్టిన. తెలిసినంక చెప్పలేకపోయిన. నువ్వు పడ్డది నా వల్లనే."

వాడు మొత్తం విన్నాడు. నడక రాదన్న మాట కూడా విన్నాడు. ఏడుస్తాడేమోనని కళావతి దగ్గరకు వచ్చింది. వాడు ఏడవలేదు. ఏదో బరువు దిగినట్టు వాడి మొహం తేటపడింది. తండ్రి కళ్లలోకి చూసి, మళ్లీ ఒకసారి ఖాయం చేసుకోవాలన్నట్టు అడిగాడు.

"అయితే నేను కామ్‌చోర్‌ను కాదన్నట్టే గదా బాపు?"

"కాదు బిడ్డా. నువ్వెప్పుడు గాదు."

వాడు తల దిండుకు ఆనించి, రెండో కాలు కూడా ఒళ్లో పెట్టుకోమన్నాడు.