మా ఆయన జెల్లు మోంబత్తులు

మా ఆయన కరెంటాఫీసుల పనిజేసి రిటైరయిండు. ఇంట్ల కూసుంటే ఏం జేస్తడో అని నాకు ముందునుంచే ఫికర్ ఉండె. కొందరు పొలం చూసుకుంటరు, కొందరు పేకాడుతరు, కొందరు భజనకు పోతరు. ఈయన మోంబత్తులు, అదే కొవ్వొత్తులు, చేసుడు మొదలుపెట్టిండు.

అవి గూడ మామూలు మైనంవి కావు. తొంభైల ఆఖరుకు హైదరాబాదుల మా మరిది ఇంటికి పోతే, అక్కడ షోకేసుల ఒక గాజు గ్లాసు కనబడ్డదట. లోపట నీళ్ల లెక్క నిగనిగలాడే జెల్లు, అడుగున గవ్వలు, నడుమ ఒత్తి. అంతే, మనిషి మనసు దాని మీద పడ్డది. అక్కడి బజారంత తిరిగి ఒక డబ్బ జెల్లు, ఒక కట్ట ఒత్తులు సంకల పెట్టుకొని కరీంనగర్‌ల బస్సు దిగిండు.

నేను మూత తీసి చూసిన. కలబంద మట్ట చీరితె వచ్చే గుజ్జు లెక్క ఉన్నది. వాసన మాత్రం కుట్టుమిషన్ నూనె వాసన.

"దీన్ని తింటరా, పూసుకుంటరా?" అన్న.

"కరిగిచ్చి పోస్తరు. నీకు సమజ్ కాదు, జర చూస్తుండు" అన్నడు.

ఏం చూసుడు! పొద్దున నేను కూర పొయ్యి మీద పెట్టే యాళ్లకే ఈయన గిన్నె పట్టుకొని పక్కన నిలబడేది. ఆ జెల్లు తొందరగ కరగదు. మంట పెంచితె పొగ లేస్తది, తగ్గిస్తె ముద్దలు ముద్దలుగ సాగుతది. ఒక పొయ్యి నాది, ఒక పొయ్యి ఆయనది అయిపోయింది. పప్పుల మిషన్ నూనె వాసన, అన్నంల మిషన్ నూనె వాసన. ఇంట్ల ఉన్న గాజు గ్లాసులన్నీ మాయమయినయి. చుట్టాలొస్తే స్టీలు గ్లాసుల చాయ్ పోసి, వాళ్లు ఏళ్లు కాల్చుకుంటుంటే నేను సిగ్గుతోని తలకాయ వంచుకునేదాన్ని.

రంగు కోసం మిఠాయిలల్ల వేసే రంగు తెచ్చి కలిపిండు. అది నీళ్ల రంగు, నూనెల కలుస్తదా? పూసలు పూసలుగ అడుగున కూసున్నది. వాసన కోసం అత్తరు పోసిండు. జెల్లంత గంజి లెక్క తెల్లగయింది. చివరికి పిల్లలు బొమ్మలేసుకునే మైనపు రంగులు చెక్కి వేస్తే, అప్పుడు జర ఎర్రగ వచ్చింది. ఆ దినం ఆయన ముఖం చూడాలె, చంద్రుని మీద దిగినట్టే ఉన్నది.

అన్నిట్లకన్న నన్ను సంపింది బుడగలు. గిన్నెలకెల్లి గ్లాసుల పోయంగనే లోపట సన్నసన్న బుడగలు వస్తయి. అవి రావద్దట. ప్రతి గ్లాసు కిటికీ కాడికి తీస్కపోయి, ఎండకు పట్టి, నన్ను పిలిచేది.

"గిటు రాయే. బుడగ ఉన్నదా?"

ఉన్నదంటే కోపం. లేదంటే, "నీకు కండ్లు సరిగ కనబడవు" అనేది.

"కనబడనిదాన్ని ఎందుకు పిలుస్తున్నవయ్యా?" అంటే ఇంకో గ్లాసు ఎత్తేది.

మా వాడకట్టోళ్లకు గూడ ఇదొక తమాష. "ఏం సారు, ఇన్నేండ్లు కరెంటు తీసిండ్రు, ఇప్పుడు మోంబత్తులు పంచుతుండ్రా?" అనేటోళ్లు. ఆయన ఇకిలించేటోడు. నేను తలుపేసుకునేదాన్ని. అసలు పంచింది గూడ లేదు. కరెంటు పోయి ఇల్లంత చీకటయినా ఒక్కటి ముట్టియ్యనియ్యకపోయేది. "అవి షోకువి, ముట్టిస్తే కరాబయితయి" అనేది. ఇంటి నిండ మోంబత్తులు పెట్టుకొని, నేను కిరసనాయిలు బుడ్డి ఎలుగుల రొట్టెలు చేసిన.

ఎండకాలంల ఖానాపూర్ నుంచి మా వదినె వచ్చింది. ఆయనకు పెద్దక్క. బస్సు దిగి, ఎండకు కమిలిపోయి, పంక కింద కూలబడ్డది. నేను నీళ్లు తెద్దామని లోపటికి పోయిన. ముందరి అర్రల బల్ల మీద ఈయన ఎర్ర జెల్లు పోసిన గ్లాసులు ఆరబెట్టిండు, ఒత్తులు తర్వాత గుచ్చుదామని. ఆమె షర్బతనుకున్నది. గ్లాసెత్తి వంచితె రాలే. పక్కన చెంచ ఉంటే, దాంతోని ఒక్క ముద్ద తీసి నోట్లె పెట్టుకున్నది.

నేను నీళ్లతోని వచ్చేసరికి ఆమె వాకిట్ల వంగి ఉమ్ముతున్నది.

"నన్ను సంపుదామని ఏం పెట్టినవే? నీ ఇంటికి వచ్చుడే తప్పయిందా?" అని నా మీదికే వచ్చింది.

"నేను పెట్టలే వదినె, నీ తమ్ముడే" అనేలోపు ఆయన ఉరికొచ్చిండు. అక్క ఎట్లున్నది అని అడుగలే. గ్లాసు చూసిండు. "అయ్యో అక్కా, మంచిగొచ్చినదాన్ని నడుమల తవ్వినవ్ గద" అన్నడు.

ఆమె అలిగి, సంచి పట్టుకొని పోతనన్నది. నేను నోరు కడిగిచ్చి, నిమ్మకాయ నీళ్లిచ్చి, బతిమిలాడి ఆపిన. ఆపుడే నేను చేసిన తెలివితక్కువ పని. పొద్దుగూకేసరికి, "తమ్మీ, గిదేందిరా అసలు? ఎట్ల చేస్తవు?" అని ఆయన పక్కన కూసున్నది. తెల్లారి నా వంటింట్ల ఒక్కరు కాదు, ఇద్దరు!

ఆమెకు ఈయనకన్న పిచ్చి ఎక్కువ. గులాబి రెక్కలు వేద్దామన్నది. వేస్తే ఉడికి, చాయ్‌పత్తి లెక్క నల్లగయినయి. గాజుముక్కలు వేద్దామన్నది, అద్దాలు వేద్దామన్నది. ఇద్దరు చిన్నపిల్లల లెక్క కొట్లాడుకునేది, మళ్ల నవ్వుకునేది. నన్ను మాత్రం, "జర గిన్నె కడుగు", "జర గుడ్డ ఇయ్యి" అనేటందుకే పిలిచేది.

ఒకనాడు కూరగాయలకు పోయి వచ్చేసరికి ఇద్దరు కిటికీ కాడ నిలబడి మురుస్తున్నరు. ఆకుపచ్చ జెల్లు, ఒక్క బుడగ లేదు. దాని నడుమల మా అవ్వ నాకిచ్చిన వెండితీగ నెమలి! కరీంనగర్ పనితనం, ఎంట్రుకంత సన్న తీగతోని అల్లింది, కొంగుకు పెట్టుకునే పిన్ను. ఎనుక సూది ఊడితే బాగు చేపిద్దామని అల్మారిల పెట్టిన.

"ఇరిగిపోయిందే గద" అన్నది వదినె.

"దాన్ని తియ్యిండ్రి" అన్న.

"తీస్తే ఎట్ల? బుడగ లేకుంట వచ్చింది గిదొక్కటే" అన్నడు ఆయన.

అగ్గిపెట్టె తెచ్చి ఒత్తి ముట్టిచ్చిన. ఆయన ఊదిండు. నేను మళ్ల ముట్టిచ్చిన. ఆయన నా ముఖం చూసిండు. ఈసారి ఊదలే.

అప్పటినుంచి దినాం సాయంత్రం దీపాల యాళ్లకు, జెల్లు తరిగితె నెమలి బయటికొస్తదని, దాన్ని ముట్టిచ్చేదాన్ని. మైనం అయితే ఎప్పుడో కరిగిపోయేది. ఈ జెల్లు తొందరగ కాలదు, తొందరగ తరగదు. ఎంత మంచిగ చేసిండో అంత నా ప్రాణానికొచ్చింది. ఆయనతోని మాట బంద్ చేసిన. అన్నం పెట్టేదాన్ని, అంతే. ఒకనాడు కరెంటు పోయినప్పుడు ఆ ఎలుగుల గోడ మీద పచ్చటి నీడ పడి, నెమలి తోక ఊగినట్టు కనబడ్డది. అక్కతమ్ముడు ఇద్దరు నోరు తెరిచి చూస్తున్నరు. అందంగనే ఉన్నది. ఆ మాట నేను అనలే.

ఆఖరుకు మంట నెమలి దాక దిగినంక గ్లాసు వేడికి తట్టుకోలే. టప్పుమని పలిగింది. మంట ఆరింది, జెల్లు బల్లంత పారి, కిందికి కారింది. తుడుస్తుంటే చేతులకు అంటుకుంటది, సబ్బు వేస్తే పోదు. నెమలి మసిబారి నల్లకోడి లెక్క బయటికొచ్చింది. చింతపండు పెట్టి తోమిన, పండ్లు రుద్దుకునే పొడి పెట్టి తోమిన. పై రెక్కలు తెల్లబడ్డయి. తీగల సందుల మసి పోలే, ఇప్పటికీ పోలే.

ఆయన పలిగిన పెంకులు ఏరుకుంట, మాట బంద్ అయినాంక మొదటిసారి నాతోని మాట్లాడిండు. తప్పయింది అంటడేమో అనుకున్న.

"గ్లాసు మందంగ లేదు. మందంది తేవాలె" అన్నడు.

నాకు నవ్వాల్నో నెత్తి కొట్టుకోవాల్నో తెల్వలే. నవ్విన. నవ్వితే నేను ఓడిపోయినట్టే అని తెలుసు, అయినా ఆగలే.

వానలు పడంగనే వదినె ఖానాపూర్ పోయింది. పొయ్యేటప్పుడు మిగిలిన జెల్లంత డబ్బతోని తీస్కపోయింది. ఆయన మళ్ల తెచ్చుకుంట అన్నడు గని, అంతల కంటి ఆపరేషన్ అయి, పొయ్యి కాడికి పోవద్దని డాక్టర్ చెప్పిండు. ఆ డాక్టర్‌కు నేను మనసుల దండం పెట్టిన.

కొన్నాళ్లకు ఖానాపూర్ నుంచి ఫోనొచ్చింది. వదినె కోడలు.

"చిన్నమ్మా, మా అత్తకు అక్కడ ఏం నేర్పి పంపిండ్రు? పొద్దున లేస్తే పొయ్యి నాకు దొరుకుతలేదు. మీతోని తప్ప ఎవలతోని చెప్పుకోవాలె?"

స్టూలు గుంజుకొని కూసున్న.

"చెప్పు బిడ్డా," అన్న, "మొదటికెల్లి చెప్పు."